చిన్న తెరచాప పడవకు సొంతంగా కవర్ కుట్టడం: గుడ్డ ఎంచే ముందు వాలు చూడాలి

హుస్సేన్ సాగర్ ఒడ్డున ట్రాలీల మీద నిలిపి ఉంచే చిన్న తెరచాప పడవలు నీళ్లమీద గడిపే కాలం కంటే నేలమీద గడిపే కాలమే చాలా ఎక్కువ. మార్చి నుంచి మే దాకా నడినెత్తిన ఎండ, జూన్ నుంచి అక్టోబరు దాకా వాన, ఏడాది పొడవునా పక్షుల రెట్టలు, దుమ్ము. వీటన్నిటికీ అడ్డుపడాల్సింది ఒక్క గుడ్డ. ఆ గుడ్డ తెచ్చి కుట్టించుకున్నవాళ్లలో చాలామందికి మొదటి వానాకాలం పూర్తికాకుండానే ఒక సంగతి అర్థమవుతుంది. కవర్ చిరగలేదు, కుట్టు ఊడలేదు, అయినా నడుమ బొజ్జలాగా జారి అందులో నీళ్లు నిలిచాయి.

వాన 1 మి.మీ. పడితే చదరపు మీటరుకు సరిగ్గా 1 లీటరు నీళ్లు, అంటే 1 కిలో. నాలుగు మీటర్ల పడవ కవర్ పైనుంచి చూస్తే దాదాపు 5 చదరపు మీటర్లు ఉంటుంది. ఒక సాయంత్రం 20 మి.మీ. వాన కురిస్తే దాని మీద పడేది 100 లీటర్లు. జారిపోతే ఏ బాధా లేదు. చదరపు మీటరు గుంటలో సగటున 5 సెం.మీ. లోతున నిలిచిందంటే 50 కిలోల బరువు ఒకేచోట వేలాడుతున్నట్టు. ఆ బరువుకు గుడ్డ సాగుతుంది, గుంట లోతవుతుంది, తర్వాతి వానకు ఇంకా ఎక్కువ నీళ్లు పడతాయి. గుడ్డ ఎంత ఖరీదైనదైనా ఈ వరసకు అడ్డుపడదు. అడ్డుపడేది వాలు ఒక్కటే.

అందుకే కొలతలు తీసుకునేటప్పుడే మనసులో ఒక మార్పు రావాలి. జాకెట్టు కుట్టినట్టు పడవ ఒంటికి అతుక్కునేలా కుడదామనే అందరూ మొదలుపెడతారు. తాటాకు పాకకు కప్పు వేసినట్టు ఆలోచిస్తే మిగతావన్నీ వాటంతట అవే దారికొస్తాయి: నడుమ ఒక దూలం, రెండు పక్కలా వాలు, చూరు గోడ దాటి కిందికి దిగడం, గాలి ఆడేందుకు వెనక సందు.

లెక్కలు స్పష్టంగా ఉండాలి కాబట్టి ఒక పడవను ఎంచుకుందాం. ఎంటర్‌ప్రైజ్ అనేది ఇద్దరు నడిపే చిన్న పడవ. 1956లో జాక్ హోల్ట్ గీసిన నమూనా. నీలం తెరచాపలు దాని గుర్తు. పొడవు 4.04 మీటర్లు, వెడల్పు 1.62 మీటర్లు. నడిగీత మీద తెరచాపను నిలబెట్టే స్తంభం మాస్ట్, దాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే ష్రౌడ్ తీగలు, ముక్కు దాకా వెళ్లే ఫోర్‌స్టే తీగ, తెరచాప అడుగున పడవ వెనక దాకా పొడుగ్గా ఉండే అడ్డకర్ర బూమ్. మాస్ట్ దించకుండా పడవను నిలిపి ఉంచేవాళ్లకు ఆ బూమే దూలం. మీ పడవ వేరే రకమైతే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

వాలు ఎంత ఉండాలి

తెరచాప విప్పేసి, బూమ్ వెనక కొసను తెరచాపను పైకెత్తే హాల్యార్డ్ తాడుతోనే కట్టి లేపండి. బూమ్ పైభాగం పడవ అంచు కంటే 55 సెం.మీ. ఎత్తున ఉందనుకుందాం. పడవ సగం వెడల్పు సుమారు 80 సెం.మీ. అంటే వాలు దాదాపు 35 డిగ్రీలు వస్తుంది. ఇది మంచి వాలు. బూమ్‌ను 25 సెం.మీ. ఎత్తులోనే వదిలేస్తే వాలు 17 డిగ్రీలకు పడిపోతుంది. గుడ్డ కొత్తగా బిగువుగా ఉన్నన్నాళ్లు అదీ పనిచేస్తుంది గానీ, కాస్త సాగగానే నడుమ గుంట కడుతుంది. మరీ ఎత్తు లేపితే కవర్ గాలికి అడ్డంగా నిలబడే గోడ అవుతుంది. 30 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంచుకుంటే రెండు బాధలూ తప్పుతాయి.

ఈ ఎత్తుకు దూలం నుంచి అంచు దాకా వాలు పొడవు 97 సెం.మీ. అంచు దాటి కిందికి 15 సెం.మీ. దిగాలి. అడుగున మడతకు 5 సెం.మీ. మొత్తం ఒక పక్కకు 117, రెండు పక్కలకు 234 సెం.మీ. సర్దుబాటుకు ఇంకో 11 కలిపి 245 సెం.మీ. ముక్క కోసుకోవాలి. అంచు దాటి దిగే ఆ 15 సెం.మీ.ను చాలామంది గుడ్డ మిగుల్చుకుందామని తగ్గిస్తారు. అది తగ్గితే చూరు లేని ఇల్లే. వాలు మీద జారిన నీళ్లు అంచు దగ్గర గుడ్డ అడుగున వెనక్కి పాకి పడవలోకే దిగుతాయి.

ఏ గుడ్డ

నీలం ప్లాస్టిక్ టార్పాలిన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మన ఎండకు నెలల్లోనే పొడిపొడిగా రాలుతుంది, ఆ పొడి పడవ నిండా పడుతుంది. నూలు కాన్వాస్ గాలి ఆడనిస్తుంది, తడిస్తే దారాలు ఉబ్బి నీటిని ఆపుతుంది, కుట్టడం సులువు. కానీ తడికి కుంచించుకుపోతుంది, ఆరకుండా మడిచిపెడితే బూజు పట్టి కుళ్లుతుంది. నైలాన్ తడిస్తే సాగుతుంది, ఎండకు త్వరగా బలం కోల్పోతుంది. అది కవర్‌కు పనికిరాదు.

అసలు పోటీ రెండింటి మధ్యే. లారీల మీద కప్పే పి.వి.సి. పూత టార్పాలిన్ ఒకటి, రంగును దారంలోనే కలిపి తీసిన అక్రిలిక్ గుడ్డ మరొకటి. సన్‌బ్రెల్లా అనే పేరుతో దొరికేది ఈ రెండో రకమే. రంగు దారంలోనే ఉండటమంటే, బీట్‌రూట్‌ను ఎక్కడ కోసినా ఎర్రగానే ఉన్నట్టు. నేసిన తర్వాత అద్దిన రంగు ఎర్ర ముల్లంగి తొక్క లాంటిది, పైపొర పోతే లోపల తెలుపే. అక్రిలిక్ నీటిని చాలావరకు జారవిడుస్తూనే ఆవిరిని బయటికి పోనిస్తుంది. పి.వి.సి. ఒక్క చుక్క కూడా దిగనివ్వదు, లోపలి తేమనూ బయటికి పోనివ్వదు. పడవ అడుగున మిగిలిన గ్లాసెడు నీళ్లు పగలు ఆవిరై కవర్ లోపలి వైపు పట్టుకుని, రాత్రి చల్లబడి చుక్కలుగా మళ్లీ పడవలోనే పడతాయి. మర్నాడు మళ్లీ అదే. ప్లైవుడ్ పడవకు అది కుళ్లు, ఫైబర్‌గ్లాస్ పడవకు బూజు, తేమకు పైపొర మీద బుడగలు.

అక్రిలిక్‌కూ ఒక లోపం ఉంది. రాపిడికి తట్టుకోదు. గరుకైన బూమ్ కొస, ష్రౌడ్ అడుగున మేకుల్లాంటి పిన్నులు, తాడు బిగించే క్లీట్లు రుద్దుకున్న చోట కొన్ని వారాల్లోనే చిల్లు పడుతుంది. కాబట్టి ఈ రెండు గుడ్డలనూ ఒకే కవర్‌లో వాడాలి: ఒళ్లంతా అక్రిలిక్, రాపిడి చోట్ల లోపలివైపు పి.వి.సి. అతుకులు. చదరపు మీటరుకు 300 గ్రాములకు కాస్త పైచిలుకు బరువున్న అక్రిలిక్ తీసుకోండి. అంతకన్నా పలచనిది గాలికి కొట్టుకుంటుంది. రంగు లేతగా ఉంటే లోపల వేడి తక్కువ. మురికి కనిపిస్తుందనే భయంతో ముదురు నీలం తీసుకుంటే మే నెలలో పడవ లోపల పొయ్యి రాజేసినట్టే ఉంటుంది.

ముక్కల అమరిక

పడవల గుడ్డ పన్నా సాధారణంగా 150 సెం.మీ. ఉంటుంది. పొడుగునా రెండు ముక్కలు పరిచి దూలం మీద అతికితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. అలా చేయకండి. అన్నిటికంటే ఎక్కువ లాగుడు, ఎక్కువ ఎండ, ఎక్కువ రాపిడి దూలం మీదే. అక్కడే కుట్టు పెడితే మొదట పోయేది అదే. మాస్ట్ నుంచి వెనక్కి ముక్కలను అడ్డంగా పరవాలి. ఒక అంచు నుంచి దూలం మీదుగా రెండో అంచు దాకా గుడ్డ తెగకుండా వెళ్తుంది. కుట్లు వాలు వెంట పైనుంచి కిందికి దిగుతాయి కాబట్టి నీళ్లు కుట్టుకు అడ్డంగా కాక దాని వెంబడే జారతాయి. పడుగు దారాలు కూడా లాగుడు దిశలోనే పడతాయి. పడుగు వైపు గుడ్డ తక్కువ సాగుతుంది.

మాస్ట్ నుంచి వెనక పలక దాకా సుమారు 2.8 మీటర్లు. 150 పన్నా ముక్కలు రెండు చాలు. మాస్ట్ నుంచి ముక్కు దాకా వాలుగా దిగే ముందు భాగం వేరు. మాస్ట్, ఫోర్‌స్టే రెండూ పడవ నడిగీత మీదే ఉంటాయి కనుక ఆ గీత వెంట కవర్ తెరుచుకునేలా ఉంటే ఒకే చీలికతో రెండింటినీ దాటవచ్చు. అందుకని ముందు భాగాన్ని కుడి ఎడమలుగా రెండు ముక్కలు చేసి, ఈ రెండింటిని మాత్రం పొడుగునా కోయాలి. చీలిక అంచు పడుగు దారం వెంట తిన్నగా వస్తుంది, సాగదు. అడ్డ ముక్క, ముందు ముక్కలు కలిసే కుట్టు సరిగ్గా మాస్ట్ దగ్గర పడేలా చూసుకోండి. అప్పుడు చీలిక చివర గుడ్డ మధ్యలో కాక, బలమైన కుట్టు దగ్గర ఆగుతుంది, చిరుగు ముందుకు పోదు.

కావలసినవి ఇవి. 150 పన్నా అక్రిలిక్ 9.5 మీటర్లు: అడ్డ ముక్కలు 2.45 చొప్పున రెండు, ముందు ముక్కలు 1.6 చొప్పున రెండు, వెనక త్రికోణానికి 0.9, మిగిలింది సర్దుబాటుకు. ముక్కు సన్నబడేచోట మిగిలే తునకలు కాలర్‌కు, అతుకులకు వస్తాయి. పి.వి.సి. గుడ్డ అర మీటరు. 25 మి.మీ. పాలిస్టర్ నవారు 8 మీటర్లు, ప్లాస్టిక్ బకిళ్లు 3. 50 మి.మీ. వెల్క్రో 2 మీటర్లు. అడుగు మడతలో దూర్చడానికి 6 మి.మీ. తాడు 12 మీటర్లు. ముక్కలను కుట్టే ముందు అంటించుకోవడానికి రెండు వైపులా జిగురున్న సన్నని టేపు ఒక చుట్ట.

దారం, సూది, మిషన్

గుడ్డ కొనడానికి వేలు ఖర్చుపెట్టి, దారం దగ్గర ఇంట్లో ఉన్నదే వాడేయడం ఈ పనిలో జరిగే అతి పెద్ద తప్పు. మామూలు టైలరింగ్ దారం మన ఎండకు త్వరలోనే చేత్తో లాగితే తెగే స్థితికి వస్తుంది. గుడ్డ నిక్షేపంగా ఉండగానే కవర్ ముక్కలుగా విడిపోతుంది. నూలు దారం కుళ్లుతుంది, నైలాన్ దారం ఎండకు ఆగదు. కావలసింది ఎండకు తట్టుకునేలా తయారుచేసిన బాండెడ్ (పోగులు విడిపోకుండా అంటించిన) పాలిస్టర్ దారం. సోఫాలు, బండి సీట్లు కుట్టేవాళ్లకు దారం సామాను అమ్మే షాపుల్లో అడగండి. వి-92 మందం బాగుంటుంది. ఇంటి మిషన్ దాన్ని లాగలేకపోతే వి-69. పి.టి.ఎఫ్.ఇ. (టెఫ్లాన్ రకం) దారం అన్నిటికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ చాలా ఖరీదు, జారుడు ఎక్కువ కాబట్టి బిగువు కుదర్చడం కష్టం. మొదటి కవర్‌కు వద్దు.

ఈ కవర్‌లో కుట్ల మొత్తం పొడవు 60 మీటర్ల దాకా వస్తుంది. పై దారం, బాబిన్ దారం కలిపి కుట్టు పొడవుకు మూడింతలు పడుతుంది కనుక 200 మీటర్లు దగ్గర పెట్టుకోవాలి.

మిషన్ విషయంలో శుభవార్త ఏమిటంటే, చాలా ఇళ్లలో మూలన పడి ఉన్న నల్లటి పాత ఇనుప తొక్కుడు మిషన్ ఈ పనికి కొత్త ప్లాస్టిక్ మిషన్ కంటే మేలు. నిటారు కుట్టు ఒక్కటే వేస్తుంది గానీ దిట్టంగా వేస్తుంది. చక్రం చేత్తో తిప్పుతూ మందమైన చోట ఒక్కొక్క కుట్టే వేసుకోవచ్చు. సూది 18 నంబరు. 14 నంబరు సూదితో ఈ దారం కుడితే రంధ్రంలో దారం రాసుకుని చీలుతుంది, కుట్లు తప్పుతాయి. కుట్టు పొడవు 4 మి.మీ. పెట్టండి. పొట్టి కుట్టు గట్టిదనే నమ్మకం జాకెట్లకు సరే, ఇక్కడ కాదు. దగ్గరదగ్గరగా చిల్లులు పడితే గుడ్డ పోస్టు స్టాంపుల షీటులాగా ఆ గీత వెంటే చిరుగుతుంది.

బిగువు చూసుకోవడానికి బాబిన్ కేసును దారం కొస పట్టుకుని వేలాడదీయండి. తనంతట తాను జారకూడదు, చిన్న కుదుపు ఇస్తే కాస్త జారి ఆగాలి. తర్వాత కవర్ గుడ్డ తునకలనే ఆరు పొరలుగా మడిచి కుట్టి చూడండి. అడుగున దారం ఉంగరాలు తిరిగితే పై బిగువు చాలలేదని. పైన బాబిన్ దారం చుక్కలుగా కనిపిస్తే పై బిగువు ఎక్కువైందని. ముడి గుడ్డ మధ్యలో దాగాలి.

నమూనా తీయడం

పాత దుప్పటి పరిచి గీతలు గీయాలని అనిపిస్తుంది. దుప్పటి మూలగా లాగితే సాగుతుంది, నమూనా అబద్ధం చెబుతుంది. ఇంటి పనుల్లో స్లాబు కింద పరిచే మందపాటి ప్లాస్టిక్ షీటు సాగదు, దాని కింద ఉన్నది కనబడుతుంది. దాన్ని బూమ్ మీదుగా వేసి, ముందు దూలం మీద, తర్వాత నడుమ అంచుల దగ్గర, ఆ తర్వాత ముక్కు, వెనక వైపు లాగి మాస్కింగ్ టేపుతో అంటించండి. ఎప్పుడూ నడుమ నుంచి కొసలకు. కొసల నుంచి మొదలుపెడితే ముడతలన్నీ నడుమకు చేరతాయి.

గీతలు చెరగని మార్కర్‌తో వేయాలి: దూలం గీత, పడవ అంచు గీత, మాస్ట్ చుట్టుకొలత, ఒక్కో ష్రౌడ్ బయటికొచ్చే చోటు, రాపిడి పడే ప్రతి బిందువు. ముక్కలు కలిసే గీతల మీద ప్రతి 30 సెం.మీ.కు అడ్డగీత పెట్టండి. రేపు కుట్టేటప్పుడు రెండు ముక్కల మీదా ఆ గీతలు కలవాలి. ముందు, వెనక, కుడి, ఎడమ అని షీటు మీదే రాయండి. నేలమీద పరిచాక రెండు పక్కలూ ఒకేలా కనబడతాయి.

గుడ్డ మీదికి ఎక్కించేటప్పుడు ముక్కలు కలిసేచోట 1.5 సెం.మీ., అడుగున 5 సెం.మీ. వదలండి. అక్రిలిక్‌ను కత్తెరతో కోస్తే అంచు పోగులు ఊడుతుంది. చదునైన కొస ఉన్న సోల్డరింగ్ ఐరన్‌తో, కింద గాజు పలక పెట్టి కోస్తే అంచు కరిగి మూసుకుపోతుంది. పొగ పీల్చకుండా ఆరుబయట చేయాలి.

కుట్టే వరస

అతుకులు మొదట. గుడ్డ ఇంకా చదునుగా ఉండగానే బూమ్ కొస, క్లీట్లు, ష్రౌడ్‌ల చోట పి.వి.సి. అతుకులు లోపలివైపు వేసేయాలి. అతుకు మూలలు గుండ్రంగా కోయండి. మూల కోసుగా ఉంటే అక్కడ లాగుడంతా ఒక్క బిందువుకు చేరి చిరుగు మొదలవుతుంది.

ముక్కలు కలపడానికి జీన్స్ ప్యాంటు పక్క కుట్టును గుర్తు తెచ్చుకోండి. రెండు ముక్కల మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి 1.5 సెం.మీ. లోపల ఒక కుట్టు. తెరిచి, మిగిలిన గుడ్డ రెండు పొరలనూ ఒక పక్కకే మడిచి, పైనుంచి 1 సెం.మీ. దూరంలో రెండో కుట్టు. లాగుడు ఇప్పుడు రెండు వరసల మీద పంచుకుంటుంది. పైకి కనిపించే అతుకు మెట్టు పడవ వెనక వైపు చూడాలి. ముందు నుంచి వచ్చే గాలీ వానా పెంకుల మీద జారినట్టు దాని మీదుగా పోతాయి.

ఇక్కడే ఒక ఇబ్బంది కాచుకుని ఉంటుంది. మిషన్ పళ్లు కింది పొరను లాగినంతగా పాదం కింద పై పొర కదలదు. ఒక్క జానెడు కుట్టులో ఏమీ తెలియదు. 2.4 మీటర్ల కుట్టు పూర్తయ్యేసరికి పై ముక్క రెండు మూడు సెం.మీ. మిగిలిపోతుంది. కత్తిరించేద్దాం అనుకోకండి. అలా కత్తిరిస్తే దూలం గీత కలవదు, ఆ ముక్క పడవ మీద మెలితిరిగి కూర్చుంటుంది. టేపుతో ముందే అంటించి, 30 సెం.మీ. గీతలు కలిశాయో లేదో చూసుకుని, అప్పుడు కుట్టాలి. గుండుసూదులు వద్దు. పెద్ద గుడ్డను మిషన్ చేయి కింద నుంచి పోనివ్వాలి కనుక చాపలా గట్టిగా చుట్టి, చుట్టను కుడివైపు దూర్చండి. బల్ల ఎత్తులో ఎడమపక్కన ఇంకో బల్ల వేసుకోకపోతే గుడ్డ బరువే సూదిని పక్కకు లాగి విరిచేస్తుంది.

ముందు చీలికకు ఒక పక్క ముక్క ఇంకో దాని మీద 10 సెం.మీ. ఎక్కాలి. వెల్క్రోతో మూయండి. ముళ్ల వైపు ఎప్పుడూ కిందికి చూసేలా పై రెక్కకు, మెత్తటి వైపు కింది రెక్కకు కుట్టండి. తారుమారైతే తెరిచి ఉంచినప్పుడల్లా ఎండుటాకులు, నూలు పోగులు ముళ్లలో చిక్కుకుని కొన్నాళ్లకు పట్టు వదిలేస్తుంది. వెల్క్రో ఒక్కదాని మీదే భారం వేయకుండా ముక్కు దగ్గర ఒక నవారు కట్టు కూడా పెట్టాలి.

మాస్ట్ చుట్టూ కాలర్ ఈ కవర్‌లో అన్నిటికంటే ఓపిక కోరే పని. 25 సెం.మీ. ఎత్తున పట్టీని క్రాస్ పీసుగా, అంటే గుడ్డ నేతకు ఐమూలగా కోయండి, గుండ్రంగా తిరిగేచోట ముడత లేకుండా కూర్చుంటుంది. మామూలుగా అందరూ కాలర్‌ను పైకి నిలబెట్టి తాడుతో బిగిస్తారు. మాస్ట్ మీదుగా జారే నీళ్లు ఆ బిగింపు దగ్గర ఆగి, మెల్లగా లోపలికే దిగుతాయి. కాలర్‌ను పైకి ఎత్తి అడుగు భాగంలోనే తాడు బిగించి, తర్వాత పై భాగాన్ని కట్టు మీదుగా కిందికి మడిచేయండి. నీళ్లు మడత మీద పడి బయటికి జారతాయి, కట్టు తడవదు. తెరచాప అంచు దూరే గాడి మాస్ట్ వెనక భాగంలో ఉంటుంది. ఆ గాడిలోంచి నీళ్లు దిగకుండా కట్టే చోట ఒక స్పాంజి ముక్క నొక్కి పెట్టండి.

ష్రౌడ్‌ల దగ్గర అడుగు నుంచి 20 సెం.మీ. చీలిక చాలు, ఎందుకంటే తీగ పడవ అంచు దగ్గరే బయటికొస్తుంది. చీలిక పైకొసను వేలు పట్టేంత గుండ్రంగా కోసి, చుట్టూ పి.వి.సి. ముక్క వేయండి. రెక్కలు ఒకదాని మీద ఒకటి 8 సెం.మీ. ఎక్కాలి. పై రెక్క ముందు వైపుది కావాలి.

వెనక త్రికోణం పూర్తిగా మూయకూడదు. పై కొసను కవర్‌కు కుట్టి, అడుగు వెనక పలక కంటే పది సెం.మీ. కిందికి దిగేలా, కానీ పలకకు అంటకుండా వదిలేయండి. పైన దూలం కొస కింద అరచేయి పట్టేంత సందు వదిలి, దాని మీద చిన్న రెప్ప కుట్టండి. వేడి గాలి ఆ సందు నుంచి పైకి పోతుంది, చల్లగాలి అడుగు నుంచి వస్తుంది. బూజు రాకుండా చూసేది ఈ గాలే.

అడుగు మడత కుట్టే ముందు కవర్‌ను ఒకసారి పడవ మీద వేసి చూడాలి. ఈ ఒక్క మెట్టు వదిలేసినవాళ్లే తర్వాత మొత్తం విప్పుకుంటారు. అడుగు గీత అప్పుడే ఖాయం చేసి, లంగా బొందుకు కుట్టినట్టు 4 సెం.మీ. గొట్టంగా మడిచి రెండు వరసలు కుట్టి, తాడు దూర్చండి. ముక్కు వంపు దగ్గర గుడ్డను అలాగే మడిస్తే పిలకలు పిలకలుగా ముడుచుకుంటుంది. అక్కడ విడిగా క్రాస్ పీసు పట్టీ వేయాలి. గొట్టంలో నీళ్లు నిలవకుండా అడుగున మీటరుకొక చిన్న చిల్లు పెట్టండి. మడత, నిలువు కుట్టు కలిసేచోట తొమ్మిది పొరల దాకా వస్తాయి. లోపలి పొరలను అక్కడ కాస్త కత్తిరించి, పొడి సబ్బు ముక్క సూదికి రాసి, చక్రం చేత్తో తిప్పండి.

కట్లకు ఇత్తడి రింగులు కొట్టడం సులువే గానీ ఒక్క గాలివానకు గుడ్డలోంచి ఊడొస్తాయి. నవారు లూపులే నమ్మదగినవి. ఒక్కో లూపును 4 సెం.మీ. చదరంగా కుట్టి, లోపల ఇంటూ గుర్తులా మూలలు కలపండి. ష్రౌడ్‌ల వెనక, నడుమ, వెనక పలకకు కాస్త ముందు ఒక్కోటి చొప్పున మూడు కట్లు పడవ అడుగు నుంచి చుట్టి బకిలుతో బిగించాలి. బకిలు పడవ పక్కకు తగలకుండా, దాని వెనక ఒక గుడ్డ రెప్ప ఉండాలి.

వేశాక

వానాకాలంలో గాలి పడమర, నైరుతి నుంచి వస్తుంది. పడవ ముక్కును అటు తిప్పి, ట్రాలీ ముందు భాగాన్ని కాస్త ఎత్తుగా పెట్టండి. అడుగున నీళ్లు పోయే బిరడా తీసేయండి. గాలి నిండిన తేలుడు గదుల మూతలు కూడా తెరిచి ఉంచాలి, ఎండకు లోపలి గాలి వ్యాకోచించి అతుకుల మీద ఒత్తిడి తెస్తుంది. మొదటి వారం రోజుల్లో గుడ్డ కొంత సాగుతుంది, కట్లు మళ్లీ బిగించాలి. గాలిలో కవర్ టపటపా కొట్టుకుంటుంటే అది వదులుగా ఉందని అర్థం. ఆ చప్పుడు వినిపించినంత సేపూ ఎక్కడో ఒక కుట్టు అరుగుతూనే ఉంటుంది. ఈ కవర్‌తో పడవను రోడ్డు మీద లాక్కెళ్లకండి, బండి వేగానికి దూలం పద్ధతి ఆగదు. దానికి పడవకు అతుక్కునే వేరే కవర్ కావాలి.

మాస్ట్ తీసి పక్కన పెట్టే ఐ.ఎల్.సి.ఎ. (పూర్వపు పేరు లేజర్), ఆప్టిమిస్ట్ లాంటి ఒక్కరే నడిపే పడవలకు కాలర్, చీలికలు ఏవీ అక్కర్లేదు. కానీ దూలం కూడా ఉండదు. వాటికి బల్లపరుపు కవర్ కుట్టినప్పుడు మనిషి కూర్చునే గుంట మీదే నీళ్లు నిలుస్తాయి. ఒక ప్లాస్టిక్ పైపును విల్లులా వంచి గుంటకు అడ్డంగా నిలబెట్టి, దాని కొసల చోట కవర్ లోపల రెండు చిన్న జేబులు కుడితే సరి.

ఉతకాలంటే మట్టిని మెత్తటి బ్రష్‌తో దులిపి, చన్నీళ్లలో తేలికపాటి సబ్బు. వేడినీళ్లు, ఇస్త్రీ తగలకూడదు. బూజు మరకలు పడితే రంగు దారంలోనే ఉన్న అక్రిలిక్‌కు బ్లీచ్ భయం లేదు. 4 లీటర్ల నీళ్లలో ఒక కప్పు బ్లీచ్, పావు కప్పు సబ్బు కలిపి చల్లి, 15 నిమిషాలకు మించకుండా ఉంచి, బాగా కడిగి, పడవ మీదే పరిచి ఆరబెట్టండి. కొన్నేళ్లకు నీటి చుక్కలు గుడ్డ మీద ముత్యాల్లా నిలవక ఇంకిపోతుంటే నీటిని తోసే స్ప్రే మళ్లీ కొట్టాలి. ప్రతి మార్చిలో దూలం దగ్గరి కుట్టును గోటితో గీకి చూడండి. దారం పొడిలా రాలితే గుడ్డ ఇంకా బాగున్నట్టే, కుట్లు మాత్రమే వయసు తీరాయి. పాత కుట్టు పక్కనే కొత్త వరస వేసి, వానలకు ముందే కవర్‌ను మళ్లీ బూమ్ మీదికి ఎక్కించవచ్చు.